జర్మన్ పెద్దమనిషి నూనెరంగుల చిత్రం: కాలం ఎలా తేల్చాలి, ఈ వానల్లో ఎలా కాపాడాలి?

బ్రాడీపేట_పాఠకుడు

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక పాత బంగళా సామాను అమ్మినప్పుడు మా ఇంటికి వచ్చిన నూనెరంగుల చిత్రం గురించి అడుగుతున్నాను. నడుము పైభాగం వరకు గీసిన ఒక పెద్దమనిషి, వయసు నలభై యాభై మధ్య. ముదురు రంగు కోటు, చెవుల దాకా లేచిన కాలరు, మెడకు చుట్టిన తెల్లగుడ్డ, దాని ముందు చిన్న ముడి. జుట్టు నుదుటి మీదికి దువ్వి ఉంది. కోటు కాజాలో చిన్న రిబ్బను ముక్క ఉంది: మధ్యలో లేత రంగు, రెండంచులా నలుపు. సంతకం ఎక్కడా లేదు.

ఫ్రేము లేకుండా 68 × 55 సెంటీమీటర్లు. వెనక కాన్వాసు గోధుమరంగుకి తిరిగింది, పోగులు సన్నం లావుగా ఉన్నాయి, అదనంగా అంటించిన గుడ్డ లేదు. చట్రం మూలల్లో దూర్చిన చెక్క చీలలు ఎనిమిదికి ఆరే ఉన్నాయి. పై చెక్క మీద సిరాతో జర్మన్ చేతిరాత రెండు పంక్తులు. అందులో 18 తరువాతి అంకెలు చెరిగిపోయాయి.

ఇబ్బందులు ఇవి. చిత్రమంతా పసుపు గోధుమ పొర. కోటు భాగంలో వెడల్పాటి పగుళ్లు. కింద ఎడమ మూలలో రూపాయి బిళ్లంత మేర రంగు పెచ్చులుగా లేస్తోంది. కింది చట్రం దగ్గర కాన్వాసు ఒకచోట ఉబ్బింది. వానలు పడ్డాక కాన్వాసు మొత్తం వదులైంది. ఫ్రేములు కట్టే షాపులో చూపిస్తే చీలలు కొట్టి బిగించి, వెనక కొత్త గుడ్డ అంటించి, ముందు పాలిష్ పెట్టి ఇస్తామన్నారు. చేయించవచ్చా? ఇది 1800ల తొలినాళ్లదేనా? గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ దొరగారి చిత్రమే ఇది అని కూడా కొందరంటున్నారు.

---

కాన్వాసు_వెనుక

షాపువాళ్లు చెప్పిన మూడు పనుల్లో ఒక్కటీ చేయించకండి. కాలం సంగతి తరువాత చూద్దాం, ముందు ఆ పెచ్చులు.

చిత్రాన్ని గోడ మీంచి దించి, రంగు వైపు పైకి ఉండేలా బల్ల మీద పడుకోబెట్టండి. నిలబెట్టి ఉంచితే లేచిన పెచ్చు తన బరువుకే రాలుతుంది. కింద శుభ్రమైన దుప్పటి పరిచి, చట్రం నాలుగు పక్కలా ఆనేలా పెట్టండి. కాన్వాసు మధ్యలో కిందనుంచి ఏదీ తగలకూడదు. ఇప్పటికే రాలినవి ఉంటే పారేయకండి. కాగితం మడతలో పెట్టి, ఏ చోటు నుంచి రాలాయో చిత్రం ఫోటో ప్రింటు మీద గుర్తు పెట్టండి. పాత చిత్రాలు బాగుచేసే సంరక్షకుల చేతికి వెళ్తే ఆ పెచ్చులు తిరిగి తమ చోటికే చేరతాయి. సెల్లోటేపు, తెల్ల జిగురు, గోళ్లరంగు వాడొద్దు. సెల్లోటేపు తీసేటప్పుడు పక్కనున్న మంచి రంగును కూడా లాక్కొస్తుంది.

ఇక చీలలు. అప్పటి కాన్వాసుకు రంగు వేసేముందు జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జిగురు పూసేవాళ్లు. మన ఎండాకాలపు పొడిగాలికి ఆ జిగురు కుంచించుకుపోయి కాన్వాసును బిగదీస్తుంది. వానాకాలం తేమకు అదే జిగురు మెత్తబడి కాన్వాసు వదులవుతుంది. ఇప్పుడు జూలైలో వదులుగా ఉందని చీలలు దిగ్గొట్టారనుకోండి, మళ్లీ పొడిగాలి వచ్చినప్పుడు జిగురు లాగుడుకు చీలల లాగుడు తోడవుతుంది. రెండు వందల ఏళ్లకు పెళుసెక్కిన రంగు సాగలేదు కాబట్టి పగులుతుంది, లేదా మేకుల దగ్గర గుడ్డే చిరుగుతుంది. గాలిలో తేమ 80 శాతం దాటి చాలాసేపు నిలిస్తే ఇంకో ప్రమాదం ఉంది. నారపోగులు ఉబ్బి గుడ్డ పొడవు వెడల్పులు తగ్గుతాయి, పైనున్న రంగు మాత్రం తగ్గదు. మీ మూలలో పెచ్చులు లేవడానికి చాలావరకు ఇదే కారణమై ఉండాలి.

ఆ ఉబ్బు సంగతి: కనబడని రెండు చీలల్లో ఒకటి జారి, కాన్వాసుకీ కింది చెక్కకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. వెనక నుంచి టార్చి వేసి చూడండి. కనబడితే మీరు లాగకండి. మీ పెచ్చులున్నదీ కింది భాగమే కదా, అక్కడ కాన్వాసు కదిలితే రంగు ఇంకా రాలుతుంది. సన్నటి అట్టముక్క జొనిపి మెల్లగా తప్పించడం సంరక్షకులకు పెద్ద పనేం కాదు.

వాన తెరిపిచ్చాక ఎండలో పెట్టడం మనకు అలవాటు. ఈ చిత్రాన్ని మాత్రం ఎండలో పెట్టొద్దు. ఫ్యాను గాలి కింద కూడా వద్దు.

---

పాతకోట్లు

కాలం గురించి నేను చెబుతాను. మీరు రాసిన వేషం 1805–1825 మధ్య చక్కగా ఇముడుతుంది. మగవాళ్లు జుట్టుకు పిండి పొడి చల్లుకోవడం 1800 నాటికి దాదాపు పోయింది. రోమన్ శిల్పాల్లోలాగా ముందుకు దువ్విన పొట్టి జుట్టు వచ్చింది. చెవుల దాకా లేచే కాలరు, తెల్ల మెడగుడ్డ ఆ రోజుల గుర్తులే. 1820ల చివరికి నల్ల పట్టు మెడగుడ్డ బాగా పెరిగింది, భుజం దగ్గర చేయి ఉబ్బుగా కుట్టడం, నడుము సన్నగా బిగించడం వచ్చాయి. మీ చిత్రంలో భుజం దగ్గర ఉబ్బు ఉందా లేదా చూడండి. కోటు ముందు మడతకీ కాలరుకీ మధ్య చీలిక ఎలా ఉందో కూడా చూడండి: ఇంగ్లిషు 'ఎం' అక్షరంలా ఉంటే అది 1800 తరువాతి కుట్టు. వయసు మళ్లినవాళ్లు తమ యౌవనపు వేషాన్నే పట్టుకుని ఉంటారు కాబట్టి, వేషం చెప్పే ఏడుకు పైన పదేళ్లు కలిపే వీలు ఎప్పుడూ ఉంచుకోవాలి.

అన్నిటికన్నా విలువైన ఆధారం ఆ రిబ్బను. అప్పటి జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యా రాజు మూడో ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ 1813 మార్చి 10న ఐరన్ క్రాస్ అనే పతకాన్ని నెలకొల్పాడు. నెపోలియన్‌తో యుద్ధంలో పోరాడినవాళ్లకు నల్ల రిబ్బను, తెల్ల అంచులు. యుద్ధభూమిలో నేరుగా పోరాడకుండా సేవ చేసినవాళ్లకు తెల్ల రిబ్బను, నల్ల అంచులు. రెండో తరగతి పతకాన్ని కాజాలోనే పెట్టుకునేవారు, ఉత్త రిబ్బను ముక్క పెట్టుకోవడమూ ఉండేది. మీది రెండో రకమైతే ఆయన అధికారో వైద్యుడో అయ్యుండొచ్చు, చిత్రం 1813కు ముందుది కాదు.

ఒక్క జాగ్రత్త. 1813–14 యుద్ధ జ్ఞాపక పతకానికి నారింజ రంగు కలిసిన రిబ్బను ఉండేది. పసుపెక్కిన వార్నిష్ కింద తెలుపు కూడా నారింజలా కనబడుతుంది. అందుకని రిబ్బను మధ్యరంగును ఒంటరిగా చూడకండి. మెడగుడ్డ తెలుపని మనకు తెలుసు. పగటి వెలుతురులో ఒకే ఫోటోలో రెంటినీ తీసి, పెద్దది చేసి, పక్కపక్కన పెట్టి పోల్చండి. రెంటి రంగూ ఒకటే అయితే రిబ్బను మధ్య తెలుపే.

హేయర్ గారి సంగతి దీనితోనే తేలిపోతుంది. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1793లో హెల్మ్‌ష్టెట్‌లో పుట్టారు. 1807లో, పద్నాలుగేళ్లకే అమెరికా వెళ్లిపోయారు. గుంటూరులో దిగింది 1842 జూలై 31న. 1815లో ఆయన ఇరవై రెండేళ్ల యువకుడు. నలభై దాటిన, ప్రష్యా రిబ్బను పెట్టుకున్న మనిషి ఆయన కాలేరు. లూథరన్ మిషన్ వల్ల మన జిల్లాలో జర్మన్ వస్తువులు దొరకడం సహజమే. రాజమండ్రిలో అయితే 1840లలో ఉత్తర జర్మనీ మిషనే పనిచేసింది. అయినా చిత్రం ఈ ఊరికి ఎవరి సామానులో వచ్చిందన్నది వేరే ప్రశ్న, చిత్రంలో ఉన్నది ఎవరన్నది వేరే ప్రశ్న.

---

ల్యాబ్_బెంచి

పైవారి లెక్కకు వెనకవైపు నుంచి సాక్ష్యం కావాలి. ముఖం కన్నా వెనకే ఎక్కువ మాట్లాడుతుంది, నకిలీ చేసేవాళ్లు ఎక్కువగా తప్పుచేసేదీ అక్కడే.

కాన్వాసు అంచున మేకులు చూడండి. నలుచదరపు కాడ, ఒకదానికొకటి సరిపోలని తలలు ఉంటే పాత పద్ధతి. గుండ్రటి తీగ మేకులు 19వ శతాబ్దం రెండో సగంలో వ్యాపించాయి. స్టేపుల్ పిన్నులు ఉంటే 20వ శతాబ్దంలో మళ్లీ బిగించారన్నమాట, చిత్రం కొత్తదని కాదు. పాత మేకుల ఖాళీ రంధ్రాలు పక్కన ఉంటే అదే రుజువు. పోగులు సన్నం లావుగా ఉన్నాయన్నారు, అది చేనేత నారగుడ్డ లక్షణం.

మీ కొలత నాకు ఆసక్తిగా ఉంది. ప్రష్యా అంగుళం 2.615 సెంటీమీటర్లు. 26 × 21 అంగుళాలంటే 68.0 × 54.9 సెంటీమీటర్లు, మీ చిత్రానికి అతికినట్టు సరిపోతోంది. మిగతా జర్మన్ రాజ్యాల్లో బవేరియా అంగుళం 2.43, సాక్సనీది 2.36. వాటితో భాగిస్తే రెండు వైపులా పూర్తి అంకెలు రావడం లేదు. ఇది రిబ్బనుకు తోడు సాక్ష్యమే తప్ప దీనిమీదే కొంప కట్టలేం. అంచులు ఎప్పుడైనా కోసి ఉంటే ఈ లెక్క చెల్లదు.

భూతద్దం పదిరెట్లది తెచ్చి బుగ్గ మీద, మెడగుడ్డ మీద చూడండి. ఒకే తీరు చిన్న చుక్కల వరసలు కనబడితే అది అచ్చు బొమ్మ, కాన్వాసు మీద అచ్చువేసి వార్నిష్ పూసినది. మీరు చెప్పిన పెచ్చులు, పగుళ్లు అలాంటి దానికి రావు కాబట్టి ఆ అనుమానం నాకు తక్కువే. అయినా రెండు నిమిషాల పని.

తరువాత 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చి. 395 టార్చీలు చవగ్గా దొరుకుతాయి గాని వాటి ఊదా వెలుగు ఎక్కువై ఏమీ తెలియదు. చీకటి గదిలో పాత సహజ రెజిన్ (చెట్ల జిగురు) వార్నిష్ ఆకుపచ్చగా మెరుస్తుంది. తరువాత ఎవరో దిద్దిన చోట్లు నల్లగా, ముదురు ఊదాగా కనబడతాయి. ముఖ్యంగా రిబ్బను మీద వేసి చూడండి. అది ముదురు మచ్చగా కనబడితే తరువాత చేర్చినదేమో అనుకోవాలి. భూతద్దంలో ఇంకో పరీక్ష: రంగు పగుళ్లతోపాటే రిబ్బనూ పగిలి ఉండాలి. రిబ్బను రంగు పగుళ్లలోకి దిగి ఉంటే, పగిలాక వేసిందే. సంతకం ఎప్పుడైనా బయటపడితే దానికీ ఇదే పరీక్ష.

ల్యాబుకు వెళ్తే ఎక్స్‌రే ఫ్లోరెసెన్సు యంత్రంతో రంగు గీకకుండానే మూలకాలు చూస్తారు. తెలుపులో సీసం రావాలి. టైటానియం వస్తే ఆ చోటు 20వ శతాబ్దపు దిద్దుబాటే, 1910ల ముందు ఆ తెలుపు అమ్మకంలో లేదు. నూనెరంగుల్లో జింకు తెలుపు 1840ల నుంచే బాగా వాడారు.

చేతిరాతకు పక్క నుంచి ఏటవాలుగా వెలుతురు వేసి ఫోటో తీయండి. సిరా మీద నీళ్లు, నూనె రాసి స్పష్టం చేయాలని చూడొద్దు. ఆ లిపిని కుర్రెంట్ అంటారు. ట్రాన్స్‌క్రిబస్ అనే సైటులో ఆ లిపిని చదివే పనిముట్టు ఉంది, రెండు పంక్తులే కాబట్టి జర్మన్ వంశావళి గ్రూపుల్లో పెట్టినా చదివిపెడతారు. 'గెమ్.' అని ఉంటే దాని తరువాతి పేరు చిత్రకారుడిది, 'గెబ్.' అని ఉంటే తరువాతిది పుట్టిన తేదీ.

---

బ్రాడీపేట_పాఠకుడు

చాలా కృతజ్ఞతలు. చిత్రం పడుకోబెట్టాను. మేకుల కాడలు నలుచదరంగానే ఉన్నాయి, చుక్కల వరసలు లేవు. ఫోటోలో రిబ్బను మధ్యరంగూ మెడగుడ్డ రంగూ ఒకటే. భుజం దగ్గర ఉబ్బు లేదు. టార్చి వేస్తే అంతా ఆకుపచ్చగా మెరిసింది, రిబ్బను దగ్గర ముదురు మచ్చ లేదు, నుదుటి మీద మాత్రం రెండు మచ్చలున్నాయి. ఉబ్బు దగ్గర చెక్కముక్క కనబడుతోంది, ముట్టుకోలేదు. ఇప్పుడు ఆ పసుపు పొర తీయించాలా వద్దా? ఎవరు వేసి ఉంటారో పేరు చెప్పగలరా?

---

కృష్ణలంక_కళ

తీయించాలనే నేనంటాను. అప్పటి చిత్రకారులు, ముఖ్యంగా డ్రెస్డెన్‌లో ఆంటోన్ గ్రాఫ్, గెర్‌హార్డ్ ఫోన్ క్యూగెల్‌గెన్, హాంబర్గ్‌లో ఫ్రీడ్రిక్ కార్ల్ గ్రోగెర్, మ్యూనిక్‌లో యోసెఫ్ ష్టీలర్ లాంటివాళ్లు ముఖంలో చల్లని బూడిదరంగు నీడలు ఎంత సున్నితంగా వేశారో వార్నిష్ పసుపు కింద అసలు కనబడదు. నీలం కోటు నల్లగా, తెల్లగుడ్డ బెల్లంరంగుగా మారతాయి. చిత్రకారుణ్ణి పోల్చాలన్నా ఆ నీడలు బయటపడాలి.

---

ల్యాబ్_బెంచి

కృష్ణలంక గారూ, ముఖం విషయంలో మీరన్నది నిజమే. కోటు విషయంలో ఒప్పుకోలేను. వెడల్పాటి పగుళ్లన్నారు. అవి వయసు పగుళ్లు కావు, రంగు ఆరేటప్పుడు పడే ఆరుడు పగుళ్లు. వయసు పగులు అన్ని పొరల్లోంచి సన్నగా, పదునైన అంచులతో పోతుంది. ఆరుడు పగులు పై పొరలోనే, గుండ్రటి అంచులతో, వెడల్పుగా, ఎండిన చెరువు మట్టిలా దీవులుదీవులుగా విడిపోతుంది. ఆ రోజుల్లో నలుపుకీ గోధుమకీ లోతు రావాలని అస్ఫాల్టు (తారులాంటి నల్లటి పదార్థం) కలిపేవాళ్లు. అది ఎప్పటికీ పూర్తిగా ఆరదు, వేడికి మళ్లీ మెత్తబడుతుంది. వార్నిష్‌ను కరిగించే ద్రావకం అస్ఫాల్టునూ కరిగిస్తుంది. దూదిపుల్లకు పసుపుతోపాటు గోధుమరంగు అంటుకుందంటే కోటే పోతోందన్నమాట. పైగా వార్నిష్ మాస్టిక్ అనే రెజిన్‌దో, డామర్ అనే ఇంకో రెజిన్‌దో కూడా తెలియదు. హాల్బర్‌ష్టాట్‌కు చెందిన లూకానుస్ 1829లో డామర్‌ను ప్రచారంలోకి తెచ్చాక జర్మనీలో రెండూ వాడుకలో ఉన్నాయి. వార్నిష్ ఎప్పుడో ఒకసారి మార్చీ ఉండొచ్చు.

అందుకే వరస ఇలా ఉండాలి: పెచ్చులు స్థిరపరచడం, జారిన చీల తీయడం, వెనక దుమ్ము తీయడం. ఇవి ఇప్పుడు. వార్నిష్ రెండేళ్లు ఆగినా చిత్రానికి నష్టం లేదు. అప్పుడైనా మొదట అంచున, ఫ్రేము కప్పే చోట, వేలిగోరంత మేర పరీక్షించాలి. ముఖం శుభ్రం చేసి, కోటు మీద పొరను పల్చబరిచి వదిలేయడం చాలాసార్లు సరైన నిర్ణయం. నుదుటి మీద మచ్చలు పాత దిద్దుబాట్లు. వార్నిష్‌తో అవీ లేచిపోతే కింద ఏముందో ఎదుర్కోవడానికి సిద్ధంగా ఉండాలి.

ఇంట్లో బంగాళాదుంప ముక్క, రొట్టె, ఉల్లిపాయ, కొబ్బరినూనె, గాజు తుడిచే ద్రవం ఏవీ వాడకండి. దుంపలో పిండి, నీరు పగుళ్లలోకి దిగి బూజుకు తిండి అవుతాయి. నూనె రాసిన రోజు రంగులు మెరుస్తాయి, తరువాత అది దుమ్ము పట్టి తీయరాని పొరగా మారుతుంది.

---

పాతకోట్లు

పేరు మాటకొస్తే, తొందరపడొద్దు. గ్రాఫ్ 1813 జూన్‌లోనే చనిపోయారు, రిబ్బను నిజమైతే ఆయన పేరు దాదాపు పక్కకు పోతుంది. ఇలాంటి చిత్రాల్లో చాలావాటిని పెద్ద పేరులేని ఊరి చిత్రకారులే వేశారు. జర్మన్ 'డిజిటల్ పోర్ట్రెయిట్ ఇండెక్స్'లో, మార్బుర్గ్ వారి 'బిల్డ్‌ఇండెక్స్'లో రిబ్బను, వేషం, పేరు పట్టుకుని వెతకండి. చట్రం మీద స్టెన్సిల్ అంకెలు, పాత వేలం చీటీలు ఉంటే ఫోటో తీసి దాచండి, చింపొద్దు. 1933–1945 మధ్య ఇది జర్మనీ నుంచి బయటికి వచ్చి ఉండే వీలుంటే నాజీల కాలంలో లాక్కున్న కళాఖండాలను నమోదుచేసే 'లాస్ట్ ఆర్ట్' డేటాబేసులో కూడా చూడటం మన బాధ్యత.

---

కాన్వాసు_వెనుక

బాగుచేయించడం, తిరిగి తగిలించడం గురించి మిగిలినవి చెబుతాను.

వారసత్వ సంపదను కాపాడే ఇంటాక్ సంస్థ సంరక్షణ కేంద్రాలు ప్రైవేటువాళ్ల చిత్రాలు కూడా రుసుము మీద తీసుకుంటాయి, మనకు బెంగళూరు కేంద్రం ఉంది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరోపియన్ చిత్రాలూ, సంరక్షణ విభాగమూ ఉన్నాయి. వాళ్లను సలహా అడగండి. ఎవరికిచ్చినా ముందు రాతపూర్వకంగా స్థితి నివేదిక అడగండి: ఏ జిగురు, ఎంత శాతం, తరువాత తీయగలమా, ముందూ వెనకా ఫోటోలు ఇస్తారా. వెనక రెండో గుడ్డ మైనంతో అంటిస్తామంటే ఎందుకో నిలదీయండి. మైనం కాన్వాసును ముదురు చేస్తుంది, మన వేడికి మెత్తబడుతుంది, వెనక్కి తీయడం చాలా కష్టం. మీ గుడ్డ చిరగలేదు కాబట్టి ఆ అవసరమే కనబడటం లేదు. వెనక్కి వచ్చాక 3–4 మిల్లీమీటర్ల పాలీకార్బొనేటు రేకు చట్రానికి ఇత్తడి స్క్రూలతో బిగించమనండి. తేమ ఎగుడుదిగుడులు నెమ్మదిస్తాయి, బల్లులు, పురుగులు దూరవు. ప్లైవుడ్ వద్దు, దాని ఆమ్ల ఆవిర్లు గుడ్డను తింటాయి.

తగిలించేది లోపలి గోడకు. పడమటి గోడ, బాత్రూము గోడ, వంటింటి గోడ, దేవుడి దీపం పైన పనికిరావు. గోడకూ ఫ్రేముకూ మధ్య రెండు మూడు సెంటీమీటర్లు ఎడం ఉండేలా కింది మూలల్లో బిరడా ముక్కలు అంటించండి. గదిలో తేమ మీటరు పెట్టి 50–60 శాతం దగ్గర నిలపండి, 65 దాటి నిలిచిపోతే బూజు మొదలవుతుంది. రాత్రి ఆరు గంటలు ఏసీ, పగలు మూసిన గది: ఈ పద్ధతి అసలు ఏసీ లేకపోవడం కన్నా చెడ్డది, రోజుకు రెండుసార్లు కాన్వాసు బిగిసి వదులవుతుంది. చిత్రం మీదకు లైటు వేయాలనుకుంటే 200 లక్సుల (వెలుగు కొలత) లోపు, హాలోజన్ కాకుండా. చెక్కలోంచి సన్నని పొడి రాలితే పురుగు ఉందన్నమాట. స్ప్రేలు, కిరోసిన్ కొట్టకుండా సంరక్షకులకు చెప్పండి.

చట్టం: వందేళ్లు దాటిన చిత్రం 1972 పురావస్తు చట్టం పరిధిలోకి వస్తుంది. ప్రైవేటువాళ్లు దేశం దాటించడం నిషేధం. అమ్మాలన్నా, చేతులు మారాలన్నా ముందు పురావస్తు శాఖ రిజిస్టరింగ్ అధికారిని అడగండి.

ప్రయాణంలో ఈ చిత్రం పడుకునే ఉండాలి, రంగు పైకి. బబుల్ షీటు రంగుకు తగలనివ్వకండి, వేడికి ఆ బుడగల ముద్రలు వార్నిష్‌లో దిగిపోతాయి. చిత్రం కన్నా పెద్ద అట్టపెట్టెలో చట్రం కదలకుండా మూలలకు మాత్రమే నురుగు దిమ్మలు పెట్టి, రంగు మీద ఏదీ ఆనకుండా మూత వేయండి. వాన లేని రోజు చూసుకుని తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరండి. టిఫిన్‌కు ఆగినప్పుడు కూడా ఒకరు కారులోనే ఉండి ఏసీ నడవనివ్వండి, ఎండలో మూసిన కారు వేడికి కోటులోని అస్ఫాల్టు కదులుతుంది.